మోకు రెండో కొస

ప్రశ్న:

అక్కయ్య గారికి నమస్కారం. మాది కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామం. ఊరి పేరు వేయకండి. నాకు 38 ఏళ్లు. రెండెకరాల అరటి, కొంచెం కొబ్బరి ఉన్నాయి. 2022 జూలై వరదల్లో మా పక్కింటివాళ్ల గేదెదూడ పాయలో కొట్టుకుపోతుంటే అందరం గట్టు మీద నిలబడి చూస్తున్నాం. నా కాళ్లు కదల్లేదు. మా బావమరిది నడుముకి మోకు కట్టుకుని దూకేశాడు, దూడని పట్టుకుని వచ్చాడు. నేను మోకు పట్టుకున్నాను, లాగాను, అంతే. ఎవరో తీసిన వీడియో ఊరూరా తిరిగింది. అప్పటి నుంచి వాడు హీరో, నేను "గట్టు బావ".

నాకు ఈత రాదు. ఏడేళ్లప్పుడు మా పెదనాన్న కొడుకు నా కళ్లముందే రేవులో ఇసుక తీసిన గోతిలో పడి పోయాడు. ఆ తర్వాత నేను నీళ్లలో దిగలేదు. లంకలో పుట్టి ఈత రాదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. మా అబ్బాయిని కూడా రేవు వైపు వెళ్లనివ్వను. మొన్న మా మరదలి కూతురి ఓణీల ఫంక్షన్లో ఆ వీడియో మళ్లీ పెట్టారు. "80 కిలోల మనిషి, దూడకున్నంత గుండె లేదు" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆరో తరగతి చదువుతున్న మా వాడు ఆ రాత్రి పక్కలో పడుకుని, "నాన్నా, నీకు భయమా?" అని అడిగాడు. నిద్రపోయినట్టు నటించాను.

ధైర్యం పుట్టుకతో రావాలా, తర్వాత తెచ్చుకోవచ్చా? అసలు ధైర్యం అంటే ఏమిటి?

— ఒక తమ్ముడు, కోనసీమ

సమాధానం:

తమ్ముడూ,

అక్కయ్యా అన్నావు కాబట్టి "మీరు" అనను. నీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో సగం కూడా కాదు. మీ బావమరిది గురించి మూడో పేజీలో రాసిన సంగతి తీసేశాను. అది అతని ఇంటి విషయం, అతను చెప్పమంటే తప్ప మనం చెప్పకూడదు. నాలుగో పేజీ చివర, సంతకం కూడా అయిపోయాక, అంచున ఇరికించి ఇంకో సంగతి రాశావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. నా జవాబంతా అక్కడే ఉంది.

ముందు నీ కాళ్ల సంగతి. ఆ రోజు అవి కదల్లేదని నాలుగుచోట్ల రాశావు, పోలీస్ స్టేషన్లో నేరం ఒప్పుకుంటున్నట్టు. భయం ముంచుకొచ్చినప్పుడు ఒళ్లు మనల్ని అడిగి పనిచేయదు. కొందరు ఎదురు తిరుగుతారు, కొందరు పరిగెడతారు, కొందరు కొయ్యబారిపోతారు. ఆ క్షణంలో ఏది జరుగుతుందో మనం ఎంచుకోలేం. ఏడేళ్ల వయసులో కళ్లెదుట ప్రాణం పోవడం చూసినవాడికి మళ్లీ అవే నీళ్లు, అవే కేకలు ఎదురైతే కాళ్లు బిగుసుకుపోవడంలో వింత ఏముంది? దగ్గు వచ్చినట్టు వచ్చింది. దాన్ని పిరికితనం అనే పేరు పెట్టి ఇన్నేళ్లు మోశావు చూడు, అది మాత్రం అనవసరపు బరువు.

నీళ్ల లెక్క కూడా ఒకసారి చూడు. ఆ జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకి ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. అంటే సెకనుకి ఏడు కోట్ల లీటర్ల పైమాట. గౌతమిగా, వశిష్ఠగా, వైనతేయగా చీలినా సరే, ఏ పాయకి తగ్గ వాటా ఆ పాయకి వచ్చింది. మోకాలి లోతు నీరు జోరుగా పారితే చాలు, నిలబడ్డ మనిషి పడిపోతాడు. రెండడుగుల నీరుంటే కారు తేలిపోతుంది. ఈత రానివాడు అందులో దూకి ఉంటే ఊళ్లోవాళ్లు దూడని వదిలేసి నిన్ను వెతుక్కునేవాళ్లు. ఆ వీడియో కూడా తిరిగేది, అయితే దాని కింద రాసే మాటలు వేరే ఉండేవి.

మీ బావమరిదిని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. వరదలో పశువు పోతే ఆ ఇంటికి ఏం పోతుందో నాకు తెలుసు. అతను చేసింది మంచిపనే, అతనికి ఈత వచ్చు, ఆ పాయ తెలుసు. కానీ మనవాళ్లు తెగువకీ ధైర్యానికీ ఒకే చప్పట్లు కొడతారు. "తెగించినవాడికి తెడ్డే లింగం" అని ఊరికే అన్నారా? తెగువ ఒక్క ఊపులో వస్తుంది. దూకేశాక ఇక ఆలోచించేది ఏమీ ఉండదు, ఈదడమే. అది కొందరి ఒంట్లోనే ఉంటుంది, కాస్త అదృష్టం కూడా తోడవుతుంది. ఇంకోమాట, అతనికి నువ్వే చెప్పు: ప్రవాహంలో దిగేటప్పుడు మోకు నడుముకి ముడేసుకోకూడదు. అది ఏ ముళ్లకంపకో, విరిగిపడ్డ కొబ్బరిమానుకో చిక్కుకుంటే నీటి జోరుకి ముడి విప్పుకోలేరు, ఆ మోకే ముంచేస్తుంది.

ధైర్యం అంటే భయం లేకపోవడం కాదు, భయాన్ని జయించడం అని క్యాలెండర్ల మీద వేస్తుంటారు. తప్పు మాటని అనను. కానీ దాంతో నీ రాత్రి గడవదు. నా సంగతి ఒకటి చెబుతాను, విను. చెప్పుకోదగ్గది కాదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నేను కోనసీమలోనే ఉన్నాను, పెంకుటింట్లో. గాలికి కొబ్బరిచెట్లు మధ్యకి విరిగి పడుతున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పెంకులు లేచి పోతుంటే ఇద్దరు పిల్లల్ని, నడవలేని మా అత్తగారిని తీసుకుని వీధి చివర డాబా ఇంటికి చేరాను. మా ఆయన ఊళ్లో లేరు. తర్వాత చాలాకాలం "ఆవిడ ఎంత గుండెగల మనిషో" అని చెప్పుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు భయపడే తీరిక లేదు. ఇంట్లో ఉంటే గోడ మీద పడుతుంది, నడవడం తప్ప ఇంకేముంది? కుక్క తరిమితే పరిగెత్తినవాడికి పతకం ఇస్తామా?

ఆ తర్వాత రెండేళ్లకి. అప్పుడు నేను ఒక బడిలో పనిచేసేదాన్ని, పేరు అనవసరం. తోటి మాస్టారు ఒకాయన లెక్క తప్పు చేశాడని ఏడో తరగతి పిల్లాడిని చెవి మీద కొట్టాడు. గట్టిగా కొట్టాడు. చెవిలోంచి రక్తం కారి తెల్లచొక్కా కాలర్ మీద చుక్క పడింది. నేను వరండాలో ఉన్నాను, చూశాను. పిల్లాడు కూడా నన్ను చూశాడు. ఆ మాస్టారు సీనియర్, స్టాఫ్‌రూమ్‌లో సగంమందికి చేబదులు ఇచ్చినవాడు, మా ఆయన ట్రాన్స్‌ఫర్ ఫైలు ఆయన చుట్టం టేబుల్ మీద ఉంది. నేను నా క్లాసులోకి వెళ్లి హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచాను. నా గొంతులో వణుకు కూడా లేదు, మామూలుగానే పిలిచాను. అదే నన్ను ఇప్పటికీ కుడుతుంది. ఆ పిల్లాడికి ఆ చెవి సరిగా వినపడదని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ గాలివానలో నడిచిన మనిషిని నేనే, ఆ హాజరు పట్టీ వెనక దాక్కున్నదాన్నీ నేనే. ఎందుకంటే నాకు గాలివాన అంటే అంత భయం లేదు. నలుగురిలో చెడ్డ కావడమంటే భయం. ఎవరి భయం ఎక్కడ ఉంటే వాళ్ల ధైర్యం తేలేది అక్కడే. నీళ్లంటే భయం లేనివాడు నీళ్లలో దూకినప్పుడు ఒప్పుకుందాం, సాహసమే. కానీ అతనికి అసలైన పరీక్ష ఇంకెక్కడో ఉంటుంది. వరదలో దూకినవాడు ఒక్కోసారి ఇంట్లో భార్య ఎదుట నోరు విప్పలేడు. (మూడో పేజీ సంగతి నేను మళ్లీ ఎత్తడం లేదు.)

మరి నీ భయం ఎక్కడుంది? నీళ్లంటే అంటావు. నేను పెన్సిలు పట్టుకుని నీ ఉత్తరం లెక్కపెట్టాను. "నీళ్లు" అనే మాట మూడుసార్లు వచ్చింది. "నవ్వుతారు", "నవ్వారు" కలిపి తొమ్మిది సార్లు. ఈత రాదని చెప్పనిది నవ్వుతారని. ఫంక్షన్లో లేచి వెళ్లిపోనిది ఇంకా నవ్వుతారని. కొడుకు అడిగితే కళ్లు మూసుకున్నది కూడా అందుకే కదా? గోదావరికి నువ్వు భయపడేది ఏడాదికి ఒక నెలే. మిగతా పదకొండు నెలలు జనం నవ్వుకి భయపడుతున్నావు.

ఇప్పుడు ఆ అంచున రాసిన సంగతికి వద్దాం. నీ మాటల్లోనే వేస్తున్నాను: "పోయిన ఏడాది వరదకి రోడ్డు మునిగిపోయి పడవల మీద వెళ్లేటప్పుడు పిల్లల్ని బడికి తీసుకెళ్లే పడవలో జనం ఎక్కువయ్యారు, లైఫ్ జాకెట్లు ముందువైపు మూటకట్టి పడేసి ఉన్నాయి, పది మంది దిగేదాకా నేను తాడు వదల్లేదు, పెద్ద గొడవ అయింది, ఆ గొడవ కూడా నా పిరికితనం వల్లే."

ఈ మూడు వరసలు చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. నువ్వు చెప్పనివి కూడా నాకు కనపడుతున్నాయి. వాన పడుతూ ఉంటుంది. ఇంజిన్ అప్పటికే స్టార్ట్ చేసి ఉంటాడు, డీజిల్ పొగ. ఆఫీసులకి, బ్యాంకుకి, ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు, కొబ్బరికాయల బస్తాలు, రెండు బైకులు. పడవ అంచుకీ నీటికీ మధ్య జానెడు కూడా లేదు. నువ్వు రేవులో బురదలో నిలబడి తాడు పట్టుకుని, "దిగండి, ఇంకో ట్రిప్పులో రండి" అంటున్నావు. పడవవాడు బూతులు తిట్టాడన్నావు. "నీకు భయమైతే నీ పిల్లాడిని దింపుకుని పో" అని ఒక పెద్దాయన అన్నాడన్నావు. నవ్వారు కూడా. నవ్వకుండా ఉంటారా? అంతమందీ నవ్వుతుంటే నీ చేతిలో తాడు ఎంతసేపు ఉంది? అరగంట అని రాశావు.

అరగంట! దూకడానికి ఒక్క క్షణం చాలు. నీకు అన్నిటికంటే భయమైన ఆ నవ్వు మధ్యలో అరగంట నిలబడ్డావు. అయినా దాన్ని పిరికితనం లెక్కలో రాసుకున్నావు.

మిగతావాళ్లు ఎవరూ నోరు విప్పకపోవడానికి కారణం కూడా తెలుసుకో. ఆ పడవలో ఉన్నవాళ్లంతా తెలివితక్కువవాళ్లు కాదు. పడవ బరువెక్కిందని సగంమందికైనా అనిపించే ఉంటుంది. అమెరికాలో డార్లీ, లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ఒక ప్రయోగం బయటపెట్టారు. గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి గోడలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది బయటికొచ్చి చెప్పారు. కానీ పక్కన ఉన్న ఇద్దరూ ఏమీ పట్టనట్టు కూర్చుంటే, చెప్పినవాళ్లు నూటికి 10 మందే. ఆ ఇద్దరినీ అలా కూర్చోమని ముందే చెప్పి పెట్టారులే. పొగ కమ్మి కళ్లు మండుతున్నా మిగతావాళ్లు లేవలేదు. పక్కవాడు లేవలేదు కదా, మనమెందుకు బయటపడి వెర్రివాళ్లం కావాలి? పడవలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఇందుకే. అందరూ ధీమాగా ఉన్నట్టే కనిపిస్తారు, లోపల అందరికీ బెరుకే. మొదట నోరు తెరిచినవాడికి తిట్లు తప్పవు.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర, వరద మీద ఉన్న గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. పడవలో 70 మందికి పైగా ఉన్నారు, 26 మంది బతికారు. ఒడ్డున ఉన్న గ్రామస్తులు తమ పడవలు వేసుకుని అదే వరదలోకి వెళ్లి వాళ్లని తీసుకొచ్చారు. వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఆ వార్త చదివిన రోజు నాకు వేరే ఆలోచన వచ్చింది. ఆ పొద్దున రేవులో ఎవరైనా ఒకడు తాడు వదలకుండా "ఈ రోజు వద్దు" అని భీష్మించుకుని కూర్చుని ఉంటే? సాయంత్రానికి జనం అతన్ని మరిచిపోయేవాళ్లు. మహా అయితే డబ్బులు దండగ చేశాడని ఇంటికెళ్లి తిట్టుకునేవాళ్లు. పడవ మునగలేదు కాబట్టి, అతను ఎవరినీ కాపాడినట్టు లెక్కలోకి రాదు. మీ పడవ కూడా మునగలేదు. అందుకే నీకు వీడియో లేదు. ఆ రోజు పడవ ఎక్కిన పిల్లలు సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తిన్నారు, హోంవర్క్ చేసుకున్నారు, అంతే.

ఇలాంటివాళ్లకి మన గోదావరి గట్టున పాత లెక్కలే ఉన్నాయి. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారని మనందరం బడిలో చదువుకున్నాం. విగ్రహాలు ఉన్నాయి, దండలు వేస్తాం. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారి గురించి ఆ పాఠంలో ఒక వాక్యం ఉంటే గొప్ప. ఊరు వెలి వేసినట్టు చూస్తే వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆవిడ బిందె తీసుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ వండి పెట్టింది. ఆ రోజుల్లో రేవు అంటే ఏమిటో మా నాయనమ్మ చెప్పేది. ఆడవాళ్లకి అదే పేపరు, అదే సభ, అదే కోర్టు. మొత్తం ఊరంతా ఎవరిని ఆడిపోసుకుంటోందో ఆ మనిషి బిందె ముంచడానికి మెట్లు దిగుతుంటే ఎన్ని కళ్లు, ఎన్ని గుసగుసలు! పోనీ ఒక్కరోజా? నీళ్లు రోజూ కావాలి. పెళ్లి చేయించిన ధైర్యం పెద్దదా, మర్నాడు పొద్దున్నే మళ్లీ బిందె ఎత్తిన ధైర్యం పెద్దదా అని నన్నడిగితే, నేను బిందె వైపే.

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల దుర్గాబాయి, టికెట్ లేదని నెహ్రూని ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొని ఇచ్చాకే వదిలింది. తర్వాత రాజ్యాంగ సభకి వెళ్లిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈవిడే. అక్కడ ప్రాణభయం ఏముంది? ఏమీ లేదు. పెద్దవాళ్ల ముందు చిన్నబోతామన్న భయం. పద్నాలుగేళ్ల పిల్లకి అదేమన్నా చిన్నదా?

పుట్టుకతో రావాలా, తెచ్చుకోవచ్చా అని అడిగావు. దీనికి మా ఊళ్లో వానలు పడనప్పుడు చదివించే విరాటపర్వంలోనే జవాబు ఉంది. "ఉత్తరకుమార ప్రగల్భాలు" అని వెక్కిరించడం మనకి అలవాటు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేన కనపడగానే రథం దిగి పరిగెత్తాడు, అంతవరకూ అందరికీ తెలుసు. ఆ తర్వాత సంగతి ఎవరూ చెప్పుకోరు. బృహన్నల పట్టుకుని లాక్కొచ్చి జమ్మిచెట్టు దగ్గరికి తీసుకెళ్తే, శవంలా కట్టి ఉన్న ఆయుధాల మూట దింపడానికి భయపడుతూనే చెట్టెక్కాడు. రథం పగ్గాలు పట్టుకుని భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఉన్న సేనలోకి తోలాడు. యుద్ధం అయ్యేదాకా పగ్గాలు వదల్లేదు. పొద్దున పారిపోయిన కుర్రాడే కదా? మధ్యలో అతనికి కొత్త గుండె ఎవరూ పెట్టలేదు. చేయగలిగిన పని ఒకటి చేతిలో పెట్టారు, పక్కన ఒకరు నిలబడ్డారు. బాణం వేయమని ఉంటే మళ్లీ పారిపోయేవాడేమో.

నీ మోకు కూడా అంతే అనుకుంటాను. మీ బావమరిది దూకేముందు ఆ కొస ఎవరి చేతిలో పెట్టాడు? గట్టు మీద అంతమంది ఉన్నారు, ఈత వచ్చినవాళ్లే ఎక్కువ. నీ చేతిలోనే ఎందుకు పెట్టాడో ఎప్పుడైనా అడిగావా? వరదలో ఒక మనిషినీ ఒక దూడనీ కలిపి గట్టుకి లాగడం "అంతే" అనే పని కాదు. అరచేతులు కొట్టుకుపోయాయని రెండో పేజీలో రాశావు, పదిరోజులు అన్నం చెంచాతో తిన్నానన్నావు. వీడియో తీసినవాడు నీ పక్కనే నిలబడి తీశాడు కాబట్టి నువ్వు అందులో పడలేదు.

ఇదంతా విని ఛాతీ విరుచుకోకు. నిన్ను మెచ్చుకుని పంపించేస్తే నేను అక్కయ్యని కాదు. రెండుచోట్ల నువ్వు తప్పు చేస్తున్నావు.

ఒకటి, లంకలో పెరుగుతున్న పిల్లాడిని రేవు వైపు వెళ్లనివ్వడం లేదు. నీ భయం నీతో పోతే పోనీ అనుకోవచ్చు, కానీ దాన్ని వాడి చేతిలో పెడుతున్నావు. చుట్టూ నీళ్లున్న ఊళ్లో ఈత రాని పిల్లాడికి అపాయం ఎక్కువ, తక్కువ కాదు. ఏదో ఒకరోజు స్నేహితులతో నీకు చెప్పకుండా వెళ్తాడు. ఎండాకాలంలో మోకాలి లోతు కనపడే పాయలో, ఇసుక తీసిన గోతుల్లో ఒక్క అడుగుతో నిలువు లోతు వచ్చేస్తుంది. ఆ సంగతి నీకంటే బాగా ఎవరికి తెలుసు? వాడికి చెప్పావా?

రెండోది ఆ రాత్రి కళ్లు మూసుకోవడం. వాడు వెక్కిరించడానికి అడగలేదు. వెక్కిరించేవాడైతే ఫంక్షన్లోనే అడిగేవాడు. చీకట్లో, పక్కలో, మెల్లగా అడిగాడంటే వాడికీ ఏదో భయం ఉంది, నాన్నకి ఉంటే తనకీ ఉండొచ్చా అని చూస్తున్నాడు. పడవ దగ్గర యాభైమంది నవ్వినా తాడు వదలని మనిషివి, పదకొండేళ్ల పిల్లాడి ప్రశ్న దగ్గర వదిలేశావు.

చెప్పు. పెద్ద ఉపన్యాసం వద్దు. ఒక సాయంత్రం, వరద లేని రోజు, ఇద్దరూ రేవుకి నడవండి. మీ పెదనాన్న గారి అబ్బాయి పేరు చెప్పు, ఎలా ఉండేవాడో చెప్పు, గోళీలు ఎలా ఆడేవాడో చెప్పు. ఎక్కడ జరిగిందో చూపించు. "అప్పటి నుంచి నాకు నీళ్లంటే భయం, నాకు ఈత రాదు" అను. గొంతు వణికితే వణకనీ. నా గొంతు వణకనందుకు నేను పడే బాధ పైన రాశాను కదా. మోకు సంగతి, పడవ సంగతి నీ అంతట నువ్వు చెప్పకు, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. వాడి మేనమామని పిలిచి వాడి ముందే అడుగు, ఆ కొస నాకే ఎందుకు ఇచ్చావు బావా అని. అతనే చెప్తాడు.

"గట్టు బావ" అంటే కోపం తెచ్చుకోకు, ఇంకో పేరు కోసం ఎదురూ చూడకు. వాళ్ల నోళ్లు నువ్వు మూయలేవు. ఈసారి ఎవరైనా అంటే, "అవును, నాకు ఈత రాదు, అందుకే గట్టు మీద ఉన్నాను" అని మామూలుగా అనేసి చూడు. దాచినంతకాలమే అది వాళ్లకి ఆట.

వరద రోజులకి ఇంట్లో కొన్ని పెట్టుకో. పది బారల మంచి తాడు, దాని కొసకి మూత గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను కట్టి ఉంచు. మునుగుతున్నవాడికి ముందు గెడ అందించాలి, అందకపోతే తాడూ క్యానూ విసరాలి, పడవ ఉంటే పడవ వేయాలి, దూకడం ఆఖరి మాట. మునిగేవాడు చేతికి దొరికినవాడిని చెట్టులా కావలించుకుంటాడు, ఈత బాగా వచ్చినవాడిని కూడా ముంచేస్తాడు. క్యాను విసరడం ఖాళీ పొలంలో నువ్వూ మీ వాడూ ప్రాక్టీసు చేయండి. నాలుగురోజుల్లో చెయ్యి కుదురుతుంది. పడవలో లైఫ్ జాకెట్లు మూట విప్పించి తొడిగించే పని మాత్రం నువ్వు మానకు. ఈసారి ఒక్కడివే కాకుండా ఇద్దరు తల్లులని ముందే మాట్లాడి పెట్టుకో. ఒకరికి ఇంకొకరు తోడైతే మూడోవాడికి నోరు వస్తుంది.

ఈత కూడా నేర్చుకో. దూకడానికి కాదు. నేర్చుకున్నా వరదలో దూకకూడదు. నేర్చుకునేది నీ కోసం. 38 ఏళ్లకి రాదని ఎవరన్నారు? గోదాట్లో వద్దు, కాలవలో వద్దు. నడుం లోతుకి మించని, అడుగు తెలిసిన చెరువు చూసుకో. బాగా ఈత వచ్చినవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి. ఆ ఒకరు మీ బావమరిదే అయితే ఇంకా మంచిది, మూడో పేజీ సంగతి మీరిద్దరూ మాట్లాడుకోవడానికి గట్టు మీద కూర్చునే వంక దొరుకుతుంది. మీ వాడిని కూడా దింపు. వాడు నీకంటే ముందు నేర్చేసుకుంటాడు, నిన్ను చూసి నవ్వుతాడు కూడా, నవ్వనీ.

మా చిన్నప్పుడు అందరం అరటిబోదె కావలించుకుని నేర్చుకున్నవాళ్లమే. అరటితోట నీదే కదా, గెల కోసేసిన చెట్టు ఎలాగూ నరికేసేదే. రెండు బోదెలు కలిపి కట్టు తమ్ముడూ, ఒకటి చాలదు. 80 కిలోలని నువ్వే రాశావు.